చిన్న ట్రే

బకెట్‌లోంచి నేను తీసిన బ్రెడ్డు ముక్క మీద పంటి గాట్లున్నాయి. ఇంకోదానికి లిప్‌స్టిక్ అంటుకుంది.

"ఛీ! ఇవి జనం తిని వదిలేసిన ఎంగిలి ముక్కలు బాబూ!"

"మెల్లగా పిన్నీ, బయట జనం ఉన్నారు," అన్నాడు హోటల్ యజమాని. "పాలు, గుడ్లు, పంచదార వేసి కాలిస్తే ఎంగిలేమిటి? పుడ్డింగే. ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం."

గిన్నెలు తోమే నన్ను ఓవెన్ దగ్గరికి మార్చింది ఆ రోజే.

"ఆ చిన్న ట్రేకి మాత్రం కొత్త బ్రెడ్డు కొయ్యి. అది మా ఇంటికి."

రెండేళ్లుగా రోజూ సాయంత్రం నా మనవరాలి కోసమని ఓ పుడ్డింగు ముక్క పొట్లం కట్టి ఇచ్చేవాడు. పాప కాగితం కూడా నాకేసేది. నేనేమో ఈయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలని దీవించేదాన్ని.

"మరి మా పాపకిచ్చేది ఏ ట్రేలోది బాబూ?"

అతను తల గోక్కున్నాడు. "చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది పిన్నీ?"

బకెట్ ఎత్తి చంకన పెట్టుకున్నాను.

"ఎక్కడికి?"

"బయట పెద్దవాళ్లున్నారుగా. వాళ్లకి తెలుస్తుందేమో చూపిద్దామని."