ఎత్తకూడని ఫోను

వంటింటి గట్టు మీద జులేఖా బీ ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది.

కోస్తున్న ఉల్లిపాయలు వదిలేసి పరుగున వచ్చింది. చూస్తే ఇంటి నంబరు కాదు.

మళ్లీ వాడే! ఎగిసిన ప్రాణం అంతలోనే ఉసూరుమంది.

ఆ ఫోను, అందులోని సిమ్ము ఆమె కర్నూలు నుంచి కువైట్‌కు తెచ్చుకున్నవి. ఇక్కడ దాన్ని ఎత్తితే చాలు, బ్యాలెన్సు హారతి కర్పూరమే. బ్యాలెన్సు అయిపోతే ఫోను మోగను కూడా మోగదు. మళ్లీ వేయించాలంటే ఊళ్లోనే వేయించాలి.

అందుకే తల్లీకూతుళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. రోజూ సాయంత్రం అసర్ నమాజు వేళకు షాహనా ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. జులేఖా ఎత్తదు. రింగు వచ్చిందంటే అందరూ బాగున్నారని అర్థం. పైసా ఖర్చు లేని క్షేమ సమాచారం. గల్ఫుకు మనుషుల్ని పంపిన ఇళ్లలో ఈ పిసినారి తెలివి లేని ఇల్లు కడప, కర్నూలు జిల్లాలు గాలించినా దొరకదు.

ఇప్పుడా రింగు రావడం లేదు.

తుంగభద్ర పొంగి కర్నూలును ముంచింది. జులేఖా ఇల్లు ఏటికి దగ్గర. ఇంట్లో షాహనా, పాలు తాగే మనవరాలు తప్ప ఎవరూ లేరు. అల్లుడు లారీ మీద బొంబాయి పోయాడు. ఇంటికి చేస్తే ఫోను కలవదు. నందికొట్కూరులో తమ్ముడికి చేసినా అంతే.

కువైట్‌లో ఆమె వంటపని చేసే ఇంట్లోనే డ్రైవరుగా ఉన్న రాయచోటి చాంద్ తన ఫోను నుంచి రోజూ ప్రయత్నిస్తూనే ఉన్నాడు. శ్రీశైలం డ్యాం నిండి నీళ్లు వెనక్కి తన్నుతున్నాయని, జనం మిద్దెల మీద ఉన్నారని ఎక్కడెక్కడి కబుర్లో మోసుకొచ్చేవాడు. అవి వింటే ఉన్న ధైర్యం కాస్తా పోయేది.

నన్ను ఊరికి పంపమని ఇంటి యజమానురాలైన మేడమ్ కాళ్లు పట్టుకుంది జులేఖా. మేడమ్ పాపం జాలిపడింది. జాలిపడి, సాయంత్రం పదిమంది భోజనానికి వస్తున్నారని చెప్పింది.

కాళ్లూ చేతులూ కట్టేసి ఏట్లో పడేసినా ఇంతకంటే నయం అనిపించింది జులేఖాకు.

దీనికి తోడు ఈ తెలియని నంబరొకటి. ఒకనాడు పొద్దున, ఒకనాడు మిట్టమధ్యాహ్నం. ఒక్క రింగు, అంతే. ప్రతిసారీ షాహనానే అనుకుని పరుగెత్తడం, కాదని కూలబడడం.

ఆడమనిషి నంబరు దొరికితే పోకిరీలు ఇట్లాగే సతాయిస్తారన్నాడు చాంద్. ఆ రోజుల్లో అది నిజమే.

ఈసారి జులేఖా ఊరుకోలేదు. కూతురు దొరికితే మాట్లాడాలని దాచుకున్న బ్యాలెన్సుతో ఆ నంబరు నొక్కింది.

అవతల ఎత్తారు. గాలి హోరు వినిపించింది.

"ఎవడ్రా నువ్వు? నా బిడ్డ బతికుండాదో లేదో తెలీక నేను సస్తాంటే, నీకు ఆటగా ఉండాదా? నీ ఇంట్లో ఆడోళ్లు లేరా?"

అవతలి మనిషి కాసేపు పలకలేదు.

"అమ్మా, ఒక్క మాట ఇను," అన్నాడు మెల్లగా.

ఆమె వినే స్థితిలో లేదు. తెలుగులో తెలిసిన తిట్లన్నీ అయిపోయి ఉర్దూలోకి దిగేసరికి ఫోను కుయ్‌మని ఆగిపోయింది. బ్యాలెన్సు అయిపోయింది.

కసి తీరింది. తీరాక గుర్తొచ్చింది. ఇప్పుడు షాహనా రింగిచ్చినా మోగదు. కోపానికి కళ్లుండవంటారు, ఆమె కోపానికి చెవులు కూడా లేకపోయాయి. మూగబోయిన ఆ ఫోనును ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే పదిమందికి వండింది.

ఏరు తీసి వరద తగ్గిందని టీవీలో చెప్పిన మర్నాడు చాంద్ ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. నందికొట్కూరుకు లైను కలిసింది. షాహనా అక్కడ మేనమామ ఇంట్లోనే ఉంది.

"అమ్మా, మేం బాగుండాం. పాప బాగుండాది."

జులేఖా భోరుమంది. కూతురు నివ్వెరపోయింది.

"ఏడుస్తావెందుకమ్మా? రోజూ నీకు రింగు ఇప్పిస్తానే ఉంటి గదా?"

"ఎవురితో?"

పుల్లన్న అనే ఒకాయనతోనని చెప్పింది షాహనా. నీళ్లు మిద్దె అంచు దాకా వచ్చినప్పుడు ముక్కూమొహం తెలియని ఆ మనిషే పుట్టి పడవలో వచ్చి, తల్లినీ బిడ్డనూ దించుకుని బడిలో చేర్చాడట. అక్కడ సిగ్నలు లేదు. షాహనా ఫోను నీళ్లపాలయింది.

"ఆయప్ప పొద్దన లేసి ఏటెంబడి పోతాండె. యాడన్నా సిగ్నలు దొరికితే మా అమ్మకు ఒక్క రింగిచ్చి పెట్టెయ్యన్నా, మాట్లాడే పన్లేదు, అమ్మకు అర్థమైతాదని చెప్తి."

తల్లికి అది తెలియని నంబరని కూతురికి తోచలేదు. ఒక్క రింగంటే తమ ఒప్పందమేనని జులేఖాకు తోచలేదు.

"నా గురించి ఆయప్ప ఏమన్నా చెప్పినాడా?"

"మీయమ్మతో మాట్లాడినా, నీమింద శానా ప్రేమ పాపా అన్నాడు."

"ఆయప్ప తావ ఫోను ఇయ్యి తల్లీ. కాళ్లు మొక్కి నేనొక మాట చెప్పుకోవాల."

"యాడుండాడో తెలీదమ్మా. ఇంగ నాకు ఫోనెందుకు పాపా అని నా చేతిలో పెట్టి పోయినాడు. పెండ్లాం, ఇద్దరు ఆడబిడ్డలు మొదటి రోజే ఏట్లో కొట్టకపోయినారంట, వాళ్లను ఎతుక్కుంటా పోతా పోతానే నీకు రింగిచ్చేటోడు."