అత్తాకోడళ్ళ సైకిలు

"మీడియం సైజు చాలండీ," అంది కోడలు.

"నువ్వుండమ్మాయ్. పెద్ద సైజే తియ్యి నాయనా," అంది అత్త.

కొండ కింద సైకిళ్ళ షాపాయన అప్పటికే రెండు బళ్ళూ కిందికి దించాడు. ఏది ముందుకు తొయ్యాలో తెలియక చెరో చేత్తో చెరోటి పట్టుకుని అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు. గీచి గీచి బేరాలాడేవాళ్ళని చూశాడు. రంగు నచ్చలేదని పదిసార్లు తిరిగేవాళ్ళని చూశాడు. ఎక్కే మనిషి లేకుండా అత్తాకోడళ్ళు జంటగా వచ్చి కొండలెక్కే సైకిలు అడగడం మాత్రం ఇదే మొదలు.

"ఇంతకీ ఎక్కేదెవరమ్మా?" అన్నాడు చివరికి.

"మా అబ్బాయి," అంది అత్త. "మా ఆయన," అంది కోడలు. ఆ ఒక్క మాటా ఇద్దరూ కలిసే అన్నారు.

"మరి ఆయన్నే తీసుకురావచ్చుగా? సైకిలంటే ఎక్కి కూర్చుంటేగానీ తెలీదు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కోడలే నోరు విప్పింది.

"ఆయనకి తెలీకుండా కొంటున్నామండీ. పోయిన వానల్లో ఈ కొండదారిలోనే పడి కాలు విరగ్గొట్టుకున్నారు. కాలు అతుక్కుంది. సైకిలు తొక్కొచ్చని డాక్టరు కూడా చెప్పేశారు. ఆయనకే మనసులో భయం పట్టుకుంది. సైకిలు మాటెత్తితే చాలు, మొహం తిప్పుకుని పక్కగదిలోకి వెళ్ళిపోతున్నారు."

"అంతా నా నోటివల్లే," అంది అత్త. "ఇంకోసారి ఆ కొండెక్కావంటే నా శవాన్నే చూస్తావన్నాను. ఆ పాత సైకిలు కాస్తా పాత సామాన్లవాడికిచ్చేశాను. వాడు తిరిగి ఒక్క మాటంటే ఒట్టు! నన్ను నాలుగు తిట్టినా బాగుండేది."

"మీరొక్కరేనా అత్తయ్యా? నేనేమన్నా తక్కువ తిన్నానా? కట్టు విప్పేదాకా సరిగ్గా మాట్లాడను కూడా లేదు."

షాపాయన మెల్లిగా బండి వెనక భాగం మీద చెయ్యి వేశాడు.

"అయితే ఇలాంటిదే సరైంది. ఆ పాతదానికి ముందు చక్రానికే షాకులు ఉండుంటాయి. దీనికి వెనక కూడా ఉంది చూడండి. ఫుల్ సస్పెన్షన్ అంటారు. రాయి మీదకెక్కినా, గుంటలోకి దిగినా దెబ్బ చాలావరకు ఇదే మింగేస్తుంది."

"అసలు కుదుపే ఉండదా?" అత్త కళ్ళు మెరిశాయి.

"తగ్గుతుందమ్మా. సైకిలే కదా, ఊయల కాదు."

అత్త వంగి, పండు కొనేముందు చూసినట్టు ఆ షాకుని బొటనవేలితో నొక్కి చూసింది. "రాయిలా ఉందే!"

"అందులో గాలుంటుంది. ఎక్కే మనిషి బరువును బట్టి పెడతాం. ఆయన ఎంతుంటారు?"

అడిగాక నాలిక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఎనభై ఉంటాడు. మా వాళ్ళందరిదీ బరువైన ఎముక," అంది అత్త.

"డెబ్భై దాటరు. ఈ మధ్య దిగులుతో ప్యాంట్లన్నీ వదులైపోయాయి," అంది కోడలు.

"ఆసుపత్రిలో నా భుజం మీద చెయ్యేసుకునే నడిచాడమ్మాయ్. వాడి బరువు నా భుజానికి తెలీదా?"

"ఆయన రెండో చెయ్యి ఉన్నది నా భుజం మీదే కదా అత్తయ్యా!"

ఆ మాటతో పోట్లాట ఠక్కున ఆగిపోయింది. అత్త అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. కోడలు దగ్గరికి జరిగి ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. కొడుకు మీద ప్రేమ ఎక్కువా, మొగుడి మీద ప్రేమ ఎక్కువా అంటే ఏ తూకపు రాళ్ళు తేల్చగలవు?

"పోనీ ఫోటో ఏదైనా ఉంటే చూపించండమ్మా," అన్నాడు షాపాయన. "అంచనా వేస్తాను."

కోడలు ఫోనులో ఫోటో తీసి ఇచ్చింది. బస్సు స్టీరింగు ముందు ఖాకీ చొక్కాతో నవ్వుతున్న మనిషి. షాపాయన చాలాసేపే చూశాడు.

"చూశావా, పొడుగే కదూ?" అంది అత్త.

"పొడుగేనమ్మా, పొడుగే," అంటూనే పెద్ద సైజు బండిని వెనక్కి నెట్టి, మీడియం బండిని ముందుకు లాగాడు.

ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. పంపు తెచ్చి షాకులో గాలి పెట్టాడు. సీటు పైకి లేపి, వేలెడు కిందికి దించి బిగించాడు. బ్రేకు మీటని కాస్త లోపలికి తిప్పాడు. ఈలోగా అత్తాకోడళ్ళిద్దరూ, దాన్ని వరండాలో పెట్టాలా, నేరుగా హాల్లోకే తెచ్చెయ్యాలా అన్నదాని మీద మరో తగువు మొదలెట్టారు.

"పదండత్తయ్యా, ఆయన బస్సు డిపోకి చేరేలోపు మనం ఇల్లు చేరాలి," అంది కోడలు.

అత్త మాత్రం కదల్లేదు. సైకిలు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఒకవేళ... వాడు ఎక్కనంటే వెనక్కి తీసుకుంటావా నాయనా? డబ్బు కోసం కాదు. ఇది ఇంట్లో నిలబడి ఉంటే, వాడు దీని పక్కనించి తల దించుకుని నడిచిపోతుంటే, నేను చూడలేను."

షాపాయన చేతిలోని గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఒకరికిచ్చిన మాట ఒకపక్క, ఈ తల్లి మొహం ఒకపక్క. ఇక ఆయనవల్ల కాలేదు.

"ఎక్కకపోవడమేంటమ్మా! రెండు నెలలుగా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, మా దగ్గర ఇలాంటి బండే అద్దెకి తీసుకుని కొండెక్కి దిగుతున్నారు, మీ ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలీకే ఇంకా కొనలేదు!"