వోల్గాలో ముడుపు

"ముడుపు నదిలో యేసినారా అమ్మా?"

చీపురు పట్టుకుని పడగ్గది గుమ్మంలో నిలబడి అడిగింది పెంచలమ్మ. దుమ్ము పని చేసేటప్పుడు ఎప్పుడూ కట్టుకున్నట్టే, చెవుల మీదుగా తలగుడ్డ బిగించి కట్టుకుంది.

సరిగ్గా ఆ ముడుపును ఎక్కడ దాచాలా అనే సంగీత హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి ఉంది. పసుపు గుడ్డ మూట వేళ్ల మధ్యే ఉంది. చెయ్యి బయటికి తీయకుండానే, "ఆఁ, వేశాను" అంది.

పెంచలమ్మది కడప జిల్లా. మస్కట్‌లో సంగీత వాళ్లింట్లో పని. ఆ జీతంతోనే ఊళ్లో బత్తాయి తోటకు బోరు వేయించింది. నీళ్లు పడితే పారే నదికి ముడుపు చెల్లిస్తానని గంగమ్మకు మొక్కుకుంది. నీళ్లయితే పడ్డాయి, పారే నదే దొరకలేదు. ఊరి పక్క పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఒమన్‌లో నది ఊసే లేదు. అందుకే అమ్మగారూ అయ్యగారూ రష్యాలో ఓడెక్కి, నది వెంట పాత పట్నాలూ పల్లెలూ చూడబోతున్నారని తెలియగానే ముడుపు తెచ్చి సంగీత చేతిలో పెట్టింది.

సంగీత మరిచిపోయిందా అంటే, మొదట్లో మరవలేదు. మాస్కోలో ఓడెక్కిన రోజున గుర్తే ఉంది. ముందర బోలెడంత నది ఉంది, తొందరేముందిలే అనుకుంది. ఉగ్లిచ్‌లో నీలం గుమ్మటాల చర్చి ముందు ఫొటోలు తీయించుకోవడంతో సరిపోయింది. పల్లెల రేవుల్లో ముసలమ్మలు అమ్మే ఉన్ని మేజోళ్ల దగ్గర బేరాలు. కిజీ దీవిలో నిలువెల్లా చెక్కతో కట్టిన చర్చిని చూసి తెరిచిన నోరు మూయనే లేదు. తిరుగు విమానంలో బెల్టు పెట్టుకున్నాక గుర్తొచ్చింది ముడుపు. అప్పుడు కింద మబ్బులు తప్ప నది ఎక్కడుంది?

"రాత్రి నిన్ను తీసుకోమన్న చాక్లెట్లు తిన్నావా?" అంది మాట మార్చడానికి.

"కరిగిపోతాయని రాత్రే ఫ్రిజ్జులో పెట్టినా. ముడుపు యాడ యేసినారమ్మా?"

అబద్ధమైనా అతికినట్టుండాలి కదా. "యారోస్లావల్ అని పెద్ద ఊరు. అక్కడ వోల్గా సముద్రంలా ఉంటుంది. పొద్దున్నే ఓడ మీద నిలబడి, తూర్పుకు తిరిగి, నీ పేరు చెప్పుకుని, దణ్ణం పెట్టి మరీ వేశాను."

"మునిగిందా?"

"బుడుంగున మునిగింది."

పెంచలమ్మ చీపురు వదిలేసి గోడ వారన కూలబడింది. "అయ్యో, నా కమ్మలు!"

"ఏ కమ్మలు?"

"నా ఎర్రరాళ్ల కమ్మలు! మా యమ్మ పెట్టినవి. అవీ పసుపు గుడ్డలోనే కట్టి పెట్టెలో పెట్టింటి. మీకిచ్చేటప్పుడు మూట మారిపాయనమ్మా. గంగమ్మకు ముడుపూ చెల్లకపాయ, నా బంగారమూ నీళ్లపాలాయ. బోర్లో నీళ్లు సన్నబడినాయని మొన్ననే మా ఇంటాయన ఫోన్లో చెప్పినాడు. ఇందుకేనేమో!"

సంగీతకు ఒక్కసారిగా వెయ్యేనుగుల బలం వచ్చింది. తను వెయ్యలేదు కదా! దేవుడా, ఎంత చల్లటి మతిమరుపు ఇచ్చావయ్యా!

"ఏడవకు పెంచలమ్మా! నేను వెయ్యలేదు!" మూట బయటికి తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "అబద్ధం చెప్పాను. మరిచిపోయాను. ఒట్టు, నిజంగా మరిచిపోయాను!"

తప్పు ఒప్పుకుంటూ అంత సంబరపడిపోయిన మనిషిని ఎవరూ చూసి ఉండరు.

పెంచలమ్మ మూటను కళ్లకద్దుకుంది. "పోయిన ప్రాణం లేచొచ్చెనమ్మా."

"బాగానే ఉంది గానీ, నీ మొక్కు తీరేదెలా? మళ్లీ రష్యా అంటే మాటలా?"

హాల్లోంచి, పేపరు వెనకనుంచి భర్త రఘుపతి గొంతు వినిపించింది. "ఖురియాత్ వైపు కొండల్లో ఒక వాదీ, అదే వాగు, ఏడాది పొడుగునా పారుతూనే ఉంటుంది. శుక్రవారం కార్లో వెళ్లొద్దాం."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ!"

"నన్నెవరడిగారు? ఇద్దరూ వోల్గాకు తక్కువైతే ఒప్పుకోలేదుగా."

పెంచలమ్మ మొహం వికసించింది. "నేనూ వస్తానయ్యా. ఈసారి నా చేత్తోనే యేసుకుంటా."

ఆ చురక తనకేనని తెలిసినా సంగీతకు నొప్పి అనిపించలేదు. విమానం ఎక్కిన దగ్గర్నుంచీ గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. హాయిగా నవ్వి, "సరే, ముందు ఆ మూట విప్పి చూసుకో. కమ్మలు రెండూ ఉన్నాయో లేదో" అంది.

పెంచలమ్మ ముడి విప్పింది. పసుపు కొమ్ము, చిటికెడు కుంకుమ, రూపాయి బిళ్ల.

"ఇది ముడుపే కదా! మరి కమ్మలేవి?"

పెంచలమ్మ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. రెండు చెవులకూ ఎర్రరాళ్లు తళుక్కుమన్నాయి.

"రాత్రి చాక్లెట్లు ఈ బ్యాగులోంచే గదమ్మా తీసినా."