వసాహత్ వచ్చింది

"మనకు వసాహత్ మంజూరైందే. పొద్దుగాల్నే జీపు వస్తదట," అన్నాడు మహారాష్ట్రలోని సిరోంచలో సర్కారు మీటింగు నుంచి వచ్చిన రాయమల్లు. వసాహత్ అంటే మరాఠీలో కాలనీ. అక్కడ మాట్లాడిన మరాఠీలో అతనికి అందిన మాట అదొక్కటే.

తెల్లవారకముందే అతని భార్య ఆగమ్మ కిరాయి ఇల్లు ఊడ్చి, గిన్నెలు మూటగట్టింది. ఏడాదికో ఇల్లు మారడం ఆమెకు అలవాటే. అయినా ఇవాళ కాలు నిలవడం లేదు. వాకిట్లోకీ రోడ్డు మీదికీ తిరుగుతూనే ఉంది.

"కొత్తింట్ల నల్లా ఉంటదా?"

"జర నిలువే. పోయినంక చూద్దాం."

జీపు వచ్చింది. అందులో వచ్చిన సర్కారు సాహెబు ఒక చెక్కపెట్టె దించి, నాలుగు కాళ్ల స్టాండు మీద పెట్టాడు. లోపల ఒకటే రొద.

"ఇదే మీ వసాహత్. తేనెటీగలది. చీమలెక్కకుండ కాళ్లకింద గిన్నెలల్ల నీళ్లు పెట్టుర్రి. ఇల్లు నచ్చకుంటే ఎగిరిపోతయి," అని చెప్పి వెళ్లిపోయాడు.

రాయమల్లు తలెత్తలేదు. ఆగమ్మ మూట విప్పింది. నాలుగు గిన్నెలు తీసి, నీళ్లు పోసి, స్టాండు కాళ్లకింద పెట్టింది. తర్వాత పెట్టె దగ్గరికి వంగింది.

"మేమంటే కిరాయోళ్లం, పొమ్మంటే పోవాలె. మీకు సొంతిల్లాయె. మీరేడికి పోతరు?"