రోడ్డుకొకటి, ట్రాక్‌కొకటి

"ఈ కారు కాస్త మెత్తబడాలి బాబూ."

మెకానిక్ కారు కిందనుంచి తల బయటపెట్టి చూశాడు.

ఎదురుగా అరవై దాటిన పెద్దాయన. ఆయన వెనక నిగనిగలాడే ఎర్ర స్పోర్ట్స్ కారు. ఆయనకీ, దానికీ ఎక్కడా పొంతన లేదు.

"మెత్తగా కావాలంటే సోఫా కొనుక్కోండి సార్!"

పెద్దాయన నవ్వలేదు. నొచ్చుకోనూ లేదు.

"ఇది మీరు బిగించిన కారేనని చెప్పి నాకమ్మారు. మీ చెయ్యి పడితే ట్రాక్ మీద తిరుగులేదంటారు. మరి రోడ్డు మీద?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రేసు ట్రాక్ పక్కనే అతని షెడ్డు. ఏ కారు వచ్చినా షాకబ్సార్బర్లను రాయిలా బిగించి పంపడమే అతనికి తెలిసిన విద్య. వచ్చినవాళ్ల పేర్లు అడిగేవాడు కాదు. కారు నంబరు, ఫోన్ నంబరు, అంతే.

భార్య వెళ్లిపోయి ఆరేళ్లు. షెడ్డు వెనక గదిలో ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. రోజంతా ఇంజన్ల మోత. అది ఆగితే మాట్లాడే మనిషి లేడు.

"వాన పడుతోంది. ఒకసారి నా పక్కన కూర్చుంటారా?" అన్నాడు పెద్దాయన.

మెకానిక్ విసుక్కుంటూనే ఎక్కాడు.

పెద్దాయన స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుని, కొత్తగా నేర్చుకున్నవాడిలా నడుపుతున్నాడు. మెకానిక్‌కు నవ్వొచ్చింది.

మలుపులో చిన్న గతుకు తగిలింది. కారు ఎగిరి, పక్కకి జారి, రోడ్డు అంచున ఆగింది.

మెకానిక్ మీటరు వంక చూశాడు. స్పీడు నలభై కూడా లేదు!

"చూశారా? గతుకు తగిలితే టైరు నేలను వదిలేస్తోంది," అన్నాడు పెద్దాయన.

మెకానిక్ దిగి, టైరు పక్కన వంగి చూశాడు. ఇరవై ఏళ్లుగా అద్దంలాంటి ట్రాక్ మీదే కార్లు పరీక్షించాడు. తను బిగించిన కారులో, వానలో, గతుకుల రోడ్డు మీద ఒక్కసారీ కూర్చోలేదు.

షెడ్డుకు రాగానే షాకబ్సార్బర్ల బిగువు మార్చే నాబ్ మూడు క్లిక్కులు వదులు చేశాడు.

"వచ్చే గురువారం రండి సార్. స్ప్రింగులు కూడా చూద్దాం."

అలా గురువారాలు మొదలయ్యాయి.

ఇద్దరూ అదే మలుపుకు వెళ్లేవారు. వచ్చి రెండు క్లిక్కులు అటు, ఒకటి ఇటు తిప్పి మళ్లీ వెళ్లేవారు. పెద్దాయన ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. మెకానిక్ రెండో గ్లాసు కొన్నాడు.

బుధవారం సాయంత్రమే షెడ్డు ఊడ్చేవాడు. ఎందుకో తనకే తెలియదు.

మూడో నెలలో కారు దారికొచ్చింది. ట్రాక్‌కి ఒక లెక్క, రోడ్డుకి ఒక లెక్క. రోడ్డు లెక్కలో పెడితే అదే వానలో, అదే మలుపులో నేలను అంటిపెట్టుకుని సాగిపోయింది.

"ఇకమీదట ఏ కారైనా ఇంతే సార్. ట్రాక్ సెట్టింగుతో గేటు దాటనివ్వను."

"అన్ని కార్లకీనా?"

"అన్నిటికీ."

"కుర్రాళ్లు ఒప్పుకోకపోతే?"

"తాళం ఇవ్వను."

పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇంక నాకు పనిలేదు బాబూ."

"అదేంటి సార్! టీకైనా రండి."

ఆయన అతని భుజం తట్టి వెళ్లాడు.

తర్వాతి గురువారం రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు.

మూడో గురువారం మెకానిక్ ఉండబట్టలేక ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఎవరు కావాలని చెప్పాలో తోచలేదు. పేరు తెలిస్తే కదా!

"అమ్మా, ఎర్ర కారు సార్ ఉన్నారా? షెడ్డు నుంచి."

"ఆయన పోయి పన్నెండు రోజులైంది బాబూ. గుండెజబ్బు. డాక్టర్లు ముందే చెప్పారు."

మెకానిక్ అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"పాపం, కార్లంటే ప్రాణం ఆయనకి..."

"ప్రాణమా? భయం బాబూ! అరవై రెండో ఏట లైసెన్సు తీసుకున్నారు. మీ దగ్గరికి రావడానికే."

"నా దగ్గరికా? ఎందుకమ్మా?"

"నిరుడు మా ఒక్కగానొక్క కొడుకు మీ దగ్గర కారు బిగించుకుని, వానలో ఇంటికొస్తూ కారు జారి దారిలోనే పోయాడు. మీ మీద కేసు పెట్టమని అందరూ అంటుంటే, 'వద్దు, అతనికి తెలియక చేశాడు, నేర్పి వస్తాను' అని బయల్దేరారు బాబూ ఆయన."