బొబ్బర్ల చుట్టరికం

“ఏవయ్యా బొబ్బర్ల బస్తా, ఇంకా పడకేనా? ఎండ నెత్తిమీదికొచ్చింది!”

నర్సు సితాన్ గుమ్మంలోంచే మొదలుపెట్టింది. గిన్నెలు కడుగుతున్న న్యేలే నిండు కడుపు పట్టుకుని నవ్వింది. గోడవైపు తిరిగి చాపమీద పడుకున్న మామగారు జుమానా జారా మాత్రం కదల్లేదు.

మూడు నెలల కింద జొన్నచేలో పడిపోయాక ఆయనకు కుడి చెయ్యీ, మాటా రెండూ పోయాయి. పట్టుదలగా సాధన చేస్తే మాట తిరిగొస్తుందని డాక్టరు చెప్పాడు. సాధన చెయ్యాల్సిన మనిషి ఆ ఊసే వదిలేశాడు. వీధి వీధంతా వంతులేసుకున్నట్టు వచ్చి “అయ్యో పెద్దాయనా” అంటూ గొంతు తగ్గించి మాట్లాడి వెళ్ళేవారు. ఆ జాలి వినలేకే ఆయన గోడవైపు తిరిగాడని న్యేలే అనుమానం.

ఆమె బెంగ ఆమెకుంది. ఆ ఇంట పుట్టిన బిడ్డకు పేరు పెట్టేది ఇంటిపెద్దే. ఏడోరోజు పొద్దున్న పదిమందిలో ఆయన నోటినుంచే పేరు రావాలి. “నాన్న చెప్పకపోతే నా బిడ్డకు పేరే లేదు,” అని ఆమె మొగుడు సిరిమాన్ భీష్మించుకు కూర్చున్నాడు. ఆమెకా, ఏడో నెల వచ్చేసింది.

కసరత్తులు చేయించడానికి సితాన్ వారానికి మూడుసార్లు వస్తుంది. మొదటిరోజు తనూ అందరిలాగే మెత్తగా మాట్లాడింది. వెళ్తూ వెళ్తూ ఇంటిపేరు అడిగింది. జారా అని న్యేలే చెబితే, ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళిపోయింది. రెండోసారి వస్తూనే కేకేసింది.

“ఎవరనుకున్నావు నన్ను? త్రావొరేల పిల్లని! లేవరా బొబ్బర్లు మెక్కేవాడా!”

న్యేలే కంగారుగా లేవబోయి, త్రావొరే అన్న మాట తట్టి మళ్ళీ కూర్చుంది. త్రావొరేలకీ జారాలకీ తాతలనాటి ఎగతాళి చుట్టరికం. బావామరదళ్ళ వేళాకోళం లాంటిదే, కాకపోతే రెండు వంశాల మొత్తానికీ చెల్లుతుంది. త్రావొరే ‘బొబ్బర్లు మెక్కేవాడా’ అని ఎంత తిట్టినా జారాకు కోపం రాకూడదు. జవాబు మాత్రం చెప్పి తీరాలి, చెప్పకపోతే ఓడిపోయినట్టే. అదే, జారాల్లో పుట్టినవాళ్ళు సొంత పెద్దని ఆ మాట అంటే ఇంకేమైనా ఉందా? ఊళ్ళో తలెత్తుకోలేరు. కన్నకొడుకైనా సిరిమాన్‌కు ఆ తిట్టు కల్లో కూడా నోట రాదు.

“మొన్న చెప్పలేదేం అక్కా, త్రావొరేవని?” అంది న్యేలే.

“మొన్న జాలిపడ్డాను. ఇవాళ ఆ జాలిని ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చాను.”

“ఏ ఊరి త్రావొరేలు మీరు?”

“వేరుశనక్కాయల్లా ఎక్కడ తవ్వినా ఉంటాంలే. చెయ్యెత్తు ముసలాడా! ఒకటి, రెండు...”

అప్పట్నుంచి అదే వరస. బిగుసుకుపోయిన ఆ చేతిని పసిబిడ్డలా పట్టుకుని వంచేది, నోటితో మాత్రం ఏడు తరాలూ కడిగేసేది. వెళ్ళేటప్పుడు గుమ్మం దాటి, వీధిలోంచి ఇంటివైపు తిరిగి, మోకాలు వంచి ఏదో గొణుక్కునేది. ప్రార్థన కాబోలనుకునేది న్యేలే.

ఓరోజు న్యేలే కావాలనే బొబ్బర్ల కూర వడ్డించింది. సితాన్ రెండు గిన్నెలు ఖాళీ చేసింది.

“త్రావొరేవై ఉండి ఇలా లాగిస్తావేం?”

“మా ఇంట్లో వండరుగా తల్లీ, మొహం వాచిపోయాను.”

ఆ రోజే మామగారు మొదటిసారి గోడనుంచి ఇటు తిరిగి చూశాడు. సితాన్ ఆ అదను వదల్లేదు.

“ఇదిగో ముసలాడా, నీ కోడలి కడుపులో ఉన్నదానికి పేరు నేనే పెడుతున్నా. ‘బొబ్బర’. నువ్వా నోరు విప్పవు. ఇంక అడ్డం ఎవరు?”

ఆయన మెడ నరాలు బిగిశాయి. ఎడమచేత్తో చాపని చరిచాడు.

“బొ... బొ...”

“బొబ్బరే ఖాయమా?”

“బొబ్బర్లు... నీ... మొహం!”

న్యేలే చేతిలో గరిట జారిపోయింది. అంత నోరున్న సితాన్ పెరట్లోకెళ్ళి, తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటిల్లో సగం తిట్లే. ఆడపిల్ల పుట్టేనాటికి మామగారు కర్ర పట్టుకుని వాకిట్లోకి నడుస్తున్నాడు కూడా.

ఏడోరోజు పొద్దున్న వాకిలి నిండింది. తాంబూలంలా కోలాకాయలు పంచారు, సజ్జ జావ తాగారు. వంశాల పాటలు పాడే ముసలి బకారీ తీగలు సవరించుకుని, ఇంటివాళ్ళది కాబట్టి ముందు జారాల పాట పాడాడు. సిరిమాన్ బిడ్డను తండ్రి ఒళ్ళో పెట్టాడు.

మామగారు బిడ్డ చెవి దగ్గర వంగి, అందరికీ వినబడేలా అన్నాడు.

“సితాన్.”

వాకిలంతా గొల్లున నవ్వింది. “త్రావొరేల పిల్ల పేరా!” అన్నాడెవరో.

“ఆ తిట్టుబోతు పేరే! పోయిన నోరు తెచ్చిచ్చింది.”

న్యేలేకు కళ్ళనీళ్ళు ఆగలేదు, తుడుచుకోనూ లేదు.

బిడ్డకు ఎవరి పేరు పెడితే వాళ్ళ వంశం పాట కూడా పాడాలి. ఎవరి పాట వాళ్ళకే. ఒకరిది ఇంకొకరికి పాడితే బకారీకి తలకొట్టేసినంత పని.

“అయితే ఇప్పుడు త్రావొరేల పాట!” అంటూ అతను తీగమీద వేలు వేశాడు.

సితాన్ గభాల్న లేచింది. మామగారి ముందు మోకరిల్లి, రెండు చేతులతో ఆయన పాదాలు పట్టుకుంది. ఎప్పుడూ లేనిది, ఒక్క తిట్టూ తిట్టలేదు. తర్వాత బకారీ దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పింది.

బకారీ వేళ్ళు ఆగిపోయాయి. ఆమెను ఎగాదిగా చూశాడు. పెద్దాయనను చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

మళ్ళీ జారాల పాటే అందుకున్నాడు.