నీలం గుండీ

“కారు కొన్నదే అంతకి! రంగు వేస్తారా, రక్తం తాగుతారా?”

పెయింటింగ్ షెడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు డ్రైవరు.

ఎదురుగా ఉన్న మనిషికి కళ్ళకి అద్దాలు, ముక్కూ నోరూ మూసేస్తూ రబ్బరు మాస్కు, తలకి గుడ్డ. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది.

“అది షెడ్డు రేటు బాబూ. తగ్గించడం నా చేతుల్లో లేదు.”

“ముసుగేసుకుని దోచుకునేవాళ్ళని ఏమంటారో తెలుసా? ముందు ముఖం చూపించి మాట్లాడు!”

పనివాళ్ళు పని ఆపి చూశారు. డ్రైవరు తన చిరునామా రాసిచ్చిన కాగితాన్ని లాక్కుని, అక్కడే ఉండచుట్టి విసిరేసి వచ్చేశాడు.

కోపం తప్పే. కానీ అతని అవస్థ అలాంటిది. ఆసుపత్రి నుంచి రోగుల్ని ఇళ్ళ దగ్గర దించే పని చేతిదాకా వచ్చి ఆగింది.

“ఇంజను బాగుందయ్యా,” అన్నాడు అక్కడి మేనేజరు. “కానీ ఈ తుప్పు బండి మా గేటు ముందు ఆగితే వచ్చే రోగి కూడా పారిపోతాడు. పై సోమవారానికి రంగేయించు. లేదంటే ఇంకో కారు మాట్లాడుకుంటాం.”

ఆ పని పోతే ఇల్లు గడవదు.

“నేనే వేస్తా,” అన్నాడు ఇంటికొచ్చి.

“గోడకి సున్నం వేస్తేనే సగం మీ చొక్కా మీదుంటుంది!” అంది భార్య. అంటూనే బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి పెట్టింది.

మర్నాడు పొద్దున్నే గరుకు కాగితంతో కారు తలుపు రుద్దుతుంటే, దారిన పోయే పెద్దాయన ఒకడు ఆగాడు. జేబురుమాలు తీసి తలుపు మీద పరిచాడు. దానిపై అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా జరిపాడు.

“ఏంటి పెద్దాయనా, నాడి చూస్తున్నారా?”

“ఇక్కడ ఇంకా మిట్టగా ఉంది బాబూ. కన్ను అబద్ధం చెప్తుంది, అరచెయ్యి చెప్పదు.”

“ఇంతకీ మీరెవరు?”

“పక్క వీధిలో చుట్టాలింటికొచ్చా. పొద్దుపోవట్లేదు.”

“మాకు పొద్దు చాలట్లేదు!” అన్నాడు డ్రైవరు.

పెద్దాయన నవ్వేసి పక్కనే చతికిలబడ్డాడు. రోజూ రావడం మొదలెట్టాడు. వచ్చాడంటే వంకే. ఇక్కడ రుద్దు, అక్కడ ఆరనీ, తొందరపడకు.

“చాదస్తం అంటే ఇదే,” అని గొణిగాడు డ్రైవరు. గురువారం ఆయన రాకముందే కంప్రెసర్ అద్దెకు తెచ్చి, రంగు చిమ్మే గన్ను పట్టుకుని, ఒకే ఊపులో మందంగా కొట్టేశాడు.

రంగు కొవ్వొత్తి కారినట్టు కిందికి కారిపోయింది.

పెద్దాయన వచ్చేసరికి అతను తల పట్టుకుని కూర్చున్నాడు. డబ్బాలు ఖాళీ. జేబూ ఖాళీ.

“ఏడిస్తే కారిన రంగు వెనక్కి పోతుందా? లే. ఆరాక రుద్దేద్దాం.”

అన్నాడే కానీ సగానికి పైగా తనే రుద్దాడు. సాయంత్రానికి ఆయన వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడ్డాయి. మధ్యమధ్యలో దగ్గు. చూసి డ్రైవరు భార్యకి ప్రాణం ఉసూరుమంది.

శుక్రవారం ఆయన రెండు డబ్బాల తెల్లరంగుతో వచ్చాడు.

“ఎక్కడ కొట్టుకొచ్చారు?” అన్నాడు డ్రైవరు, సగం వేళాకోళంగా, సగం నిజంగానే.

“నావేలే. మిగిలిపోయాయి.” సంచిలోంచి పాత మాస్కు తీశాడు. “ముందు ఇది తగిలించుకో. కారు రంగు పోతే మళ్ళీ వేసుకోవచ్చు. ఊపిరితిత్తులు పోతే వేసుకోలేం.”

“మరి మీకు?”

“నాకీ రుమాలు చాలు.”

మాస్కు పట్టీకి కొక్కెం విరిగితే, దాని బదులు పెద్ద నీలం గుండీ కుట్టి ఉంది. డ్రైవరు భార్య అది చూసి నవ్వింది.

“ఎవరు కుట్టారు బాబాయ్?”

“నేనేనమ్మా. పాతదాన్ని పారేయబుద్ధి కాదు. మీ ఆయన కారులాగే.”

రుమాలు ముక్కుకి కట్టుకుని, డ్రైవరు మణికట్టు పట్టుకుని నడిపించాడు. “అద్దం మీద ఊపిరి ఊదినంత పల్చగా. ఆగు. ఆరనీ. ఇప్పుడింకోసారి.”

ఆదివారం పొద్దున కారు తలుపులో తన ముఖం చూసుకుని భార్య జుట్టు సర్దుకుంది. డ్రైవరుకి గంతులెయ్యాలనిపించింది. “పెద్దాయనా!” అంటూ వెనక్కి తిరిగాడు. ఆయన లేడు. మాస్కు మాత్రం కారు సీటు మీద ఉంది.

సోమవారం మేనేజరు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“కొత్తది కొన్నావటయ్యా? రేపట్నుంచి వచ్చెయ్.”

డ్రైవరు తిన్నగా పెయింటింగ్ షెడ్డుకి పోనిచ్చాడు. కసి తీరాలి కదా!

“ఏడీ మీ ముసుగు దొంగ? బయటికొచ్చి చూడమను. ఆయన లేకపోతే నా కారుకి రంగు పడదా?”

పనివాడు ఒకడు వచ్చాడు.

“మా మేస్త్రా? మానేశారండీ. డాక్టరు రంగు వాసన కూడా పీల్చొద్దన్నాడు. ఆఖరి వారం సెలవు పెట్టి, నిన్ననే చెల్లెలి ఊరికి రైలెక్కేశారు. ఇక రారు.”

“పీడా పోయింది!” అన్నాడు డ్రైవరు.

పనివాడు వినలేదు. జేబులోంచి రుమాలు తీసి, కారు తలుపు మీద పరిచి, దానిపై అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా జరిపాడు.

డ్రైవరు సీటు మీది మాస్కు వైపు తిరిగాడు.

కళ్ళు తెరిచిన పనివాడికి కిటికీలోంచి సీటు మీది నీలం గుండీ కనిపించింది.

“అయితే ఆ కారు మీదేనా? ‘ముఖం చూపించమన్నాడు కదరా, వారం రోజులు చూపించొస్తా’ అని నవ్వుతూ వెళ్ళారండీ మా మేస్త్రి.”